సగం తుడిచిన సైకిలు

నేను ఆరో తరగతి దాకా చదివాను. ఏడో తరగతి నన్ను చేర్చుకోవడానికి భయపడింది. "నువ్వు టైర్లకు గాలి కొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావురా" అన్నారు మా లెక్కల మాస్టారు. నా భవిష్యత్తు గురించి అంత స్పష్టంగా ఆలోచించిన మనిషి మా ఇంట్లో కూడా లేడు. ఆయన మాట పోనివ్వకుండా సైకిల్ షాపులో చేరాను. అయితే గాలి కొట్టడం కూడా నాకు వెంటనే రాలేదు. నేర్చుకునే రోజుల్లో నా గాలంతా నోటి వెంటే పోయేదని, పంపు దాకా మిగిలేది కాదని మా ఉస్తాద్ నలుగురిలో చెప్పి నవ్వేవాడు.

అలాంటి నాకు నోట మాట రాకుండా పోయిన రోజు ఒకటుంది. దాని గురించే ఇది.

2005వ సంవత్సరం, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. పోర్ట్ బ్లెయిర్ ఎదురొడ్డున, బాంబూఫ్లాట్ జెట్టీ నుంచి పైకొచ్చే రోడ్డు మీద నా షాపు. షాపంటే రేకుల చూరు, ఒక బల్ల, చక్రాలు తగిలించే కొక్కేలు, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టె, మిగతాదంతా కబుర్లు. సునామీ తర్వాత మావైపు నేల కొంత కుంగింది. అంతకుముందు జెట్టీ దగ్గరే ఆగిపోయే పోటు నీళ్ళు అప్పటినుంచి రోడ్డెక్కి, నా అరుగు కింద దాకా వచ్చి, చూసి వెళ్ళిపోయేవి. "గిరాకీ ఎలా ఉంది భయ్యా?" అని ఎవరైనా అడిగితే, "సముద్రం రోజూ వస్తోంది, ఏమీ కొనడం లేదు" అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఆ ఏడు నవ్వనివాళ్ళే ఎక్కువ.

నిజానికి ఆ ఏడు వచ్చినంత పని నాకు అంతకుముందూ రాలేదు, తర్వాతా రాలేదు. అన్నీ ఉప్పునీళ్ళలో మునిగిన సైకిళ్ళే. సైకిలును పూర్తిగా విప్పి, ప్రతి భాగం కడిగి, కొత్త గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడాన్ని ఓవర్‌హాలింగ్ అంటారు. మా నోళ్ళలో అది ఓవరాయిలింగ్. పేరులో ఆయిల్ ఉంది కదా అని ఆయిల్ పూస్తే చాలనుకునేవాళ్ళు కొందరైతే, అలవాటు కొద్దీ పూసేసినవాళ్ళు ఎక్కువమంది. దీవుల్లో బతికేవాళ్ళం. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా కత్తికీ, తలుపు గడియకూ, కుట్టుమిషనుకూ, ఇనుమన్న ప్రతిదానికీ నూనె రాయడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు. అదే చేత్తో బురదలోంచి తీసిన సైకిలుకు కూడా ఆయిల్ రాసేశారు. లోపలున్న ఉప్పును కడగకుండా పైన నూనె పూస్తే అది ఇక బయటికి రాదు. లోపలే కూర్చుని తీరిగ్గా ఇనుమును తింటుంది. పైకి నల్లగా నిగనిగలాడుతున్న సైకిలు ఓ రోజు చిన్న గుంటలో పడగానే, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పుటుక్కున విరుగుతుంది. అలా పళ్ళు రాలగొట్టుకుని వచ్చినవాళ్ళు కూడా నా దగ్గరికొచ్చారు. పళ్ళు నేను పెట్టలేనని చెప్పి పంపాను.

కాబట్టి మొదటి పని మంచినీళ్ళతో కడగడం. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో, బిందెడు మంచినీళ్ళు సైకిలు మీద పోస్తుంటే, క్యూలో నిలబడ్డ ఆడవాళ్ళు చూసే చూపులకు తుప్పు దానంతటదే రాలాలి. కడిగాక ఉప్పు పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర యంత్రాలేమీ లేవు. నాలుక ఉంది. ఫ్రేము మీద ఒకచోట, హబ్బు మీద ఒకచోట, అంటే చక్రం మధ్యనుండే గుండ్రటి డబ్బా మీద, నాలుక కొస పెట్టి చూసేవాణ్ణి. ఉప్పగా ఉంటే మళ్ళీ కడగడమే. ఇంటికెళ్తే మా ఆవిడ, "ఇవాళ ఎంతమందిని ముద్దెట్టుకొచ్చావు?" అని అడిగేది.

పాడు పని. గోళ్ళలో నలుపు పోదు, చేతులు ఎంత కడిగినా అన్నం ముద్దలో కిరసనాయిల్ వాసన. అయినా దీనిలో ఒక సుఖం ఉంది. హబ్బు విప్పి, లోపలి ఉక్కు గోళీలను కిరసనాయిల్లో కడిగి, గ్రీజు నిండా పెట్టి, వాటిని కదలకుండా పట్టే కోను అనే మూతను మరీ బిగువూ వదులూ కాకుండా తిప్పి, చక్రాన్ని ఎత్తిపట్టుకుని వేలితో ఒక్కసారి తోసి వదలాలి. చప్పుడు లేకుండా తిరిగి తిరిగి, ఆగేముందు గాలి కొట్టే వాల్వు బరువుకు ఇటూ అటూ ఊయలలా ఊగి, అప్పుడు నిలబడుతుంది. ఆ ఊగడం చూడటం కోసమే నేను ఈ పనిలో ఉన్నాననిపిస్తుంది.

ఒకరోజు పొద్దున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆటోలో ఒక సైకిలు వేసుకొచ్చారు. చిన్నావిడ పేరు పైడమ్మ, ముప్పై దాటి ఉండవు. పెద్దావిడ ఆమె అత్త, అప్పలమ్మ. ముసలావిడకు ఒక కన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. రెండో కంట్లో కూడా శుక్లం బాగా కమ్మేసింది. కోడలి భుజం పట్టుకుని దిగి, నేను ఎటున్నానో గొంతును బట్టి కనుక్కుని అటు తిరిగింది.

"సైకిల్ డాక్టరువి నువ్వేనేటి బావూ?"

"నేనే మామ్మా. చదువు మాత్రం మధ్యలో ఆపేశాను."

"మధ్యలో అంటే?"

"ఆరో తరగతిలో."

ఆవిడ నవ్వింది. కోడలు నవ్వలేదు.

సైకిలు చూస్తే నాకూ నవ్వు పోయింది. ముందు ఫోర్కు పక్కకు వంగింది. సీటు లేదు, చైను లేదు, చైను మీదుండే కవరు లేదు. స్పోకుల మధ్య పగడపు ఇసుక, ఎండిన బురద గట్టిగా పట్టేసి ఉన్నాయి. వెనక చక్రం తిరగనే తిరగదు. హబ్బుల చుట్టూ ఏదో గుడ్డ పేలిక బురదలో కూరుకుపోయి కనిపించింది. సైకిలును ప్రాణంలా చూసుకునేవాళ్ళు హబ్బు చుట్టూ గుడ్డ పేలికను వదులుగా వేస్తారు. చక్రం తిరిగినంతసేపూ అది హబ్బును తుడుస్తూ, మెరుపు పోకుండా కాపాడుతుంది. అది చూసి, ఎవరిదో గానీ వీడు మా జాతివాడే అనుకున్నాను.

"మా సిమ్మాద్రిది" అంది ముసలావిడ. "ఆడొచ్చి సూస్తే తిట్టకుండా ఉండాల. తళతళలాడించెయ్యి బావూ. ఆడు రిమ్ములో మొగం సూసుకొని మీసం దువ్వుకొనేటోడు."

ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి పైడమ్మ నన్ను పక్కకు పిలిచింది. "భయ్యా, కొత్త సామాన్లేమీ వెయ్యకు. ఐసే హీ, ఉన్నదున్నట్టు కొంచెం తుడిచి ఇచ్చెయ్. ఆవిడ దిల్ కోసం తెచ్చాను, అంతే."

"మీ ఆయన ఎప్పుడొస్తారు?" అని అడిగాను.

"రారు" అంది. ఆ మాట ఆమె చాలాసార్లు చాలామందికి చెప్పి చెప్పి అరగదీసినట్టుంది, గొంతులో ఏమీ లేదు.

తర్వాత చెప్పుకొచ్చింది. వాళ్ళది దక్షిణాన ఇంకో దీవిలోని హట్‌బే. సింహాద్రి అక్కడ పామాయిల్ తోటలో పని చేసేవాడు. ఇల్లు సముద్రం ఒడ్డునే. ముసలావిడ కళ్ళ ఆపరేషన్ కోసం అత్తాకోడళ్ళిద్దరూ శనివారం ఓడెక్కి ఇటు వచ్చారు. పైడమ్మ వాళ్ళ అన్నయ్యది బాంబూఫ్లాట్‌లోనే ఇల్లు. సోమవారం ఆస్పత్రిలో చూపించుకోవాలి. ఆదివారం పొద్దున్న సునామీ వచ్చింది. వాళ్ళ ఇళ్ళ వరసలో ఆ పొద్దున్న ఇంటి దగ్గరున్నవాళ్ళు ఒక్కరు కూడా మిగల్లేదు. తోట లోపల, ఎత్తు మీద పనిలో ఉన్నవాళ్ళంతా బతికారు. సింహాద్రి ఆ ఆదివారం అదనపు డ్యూటీకి వెళ్ళొచ్చనీ, వెళ్ళకపోవచ్చనీ తల్లితో అన్నాడు. వెళ్ళాడో లేదో చెప్పేవాళ్ళు లేరు. తోటలో చూశామని ఒకరు, చూడలేదని ఒకరు. భయంతో తలోవైపు అడవిలోకి పరిగెత్తినవాళ్ళు, ఎవరు ఎవర్ని చూశారు?

శరీరం దొరకలేదు. సైకిలు దొరికింది. మొన్న తోటలో బురద తీస్తుంటే ఒడ్డుకు చాలా లోపల కనిపించిందని, గుర్తుపట్టిన పొరుగాయన ఓడలో పంపాడు. అప్పటినుంచి అత్తాకోడళ్ళ మధ్య అదే గొడవ. సైకిలు తోటలో దొరికింది గనక కొడుకు దానిమీద తోటకెళ్ళాడు, బతికాడు, ఏ ఓడవాళ్ళో ఎక్కించుకుని ఏ చెన్నైలోనో దింపి ఉంటారు, అని తల్లి. నీళ్ళు ఇళ్ళనే మోసుకెళ్ళాయి, సైకిలొక లెక్కా, అని కోడలు.

"ఆవిడ ఆపరేషన్ వద్దంటోంది భయ్యా. కొడుకొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తేనే వెళ్తుందట. శుక్లం పండిపోయింది, ఇంకా ఆగితే లోపల కన్నే పోతుంది, తర్వాత మేమూ ఏం చెయ్యలేం అన్నాడు డాక్టరు. నేనేం చెయ్యను? క్యా కరూ? మొగుడు పోయాడని నేను నమ్మించాలి, లేకపోతే ఈవిడ గుడ్డిదైపోతుంది."

"తుడుస్తాను దీదీ" అన్నాను.

పైడమ్మ జెట్టీ దగ్గర ఒక హోటల్లో పిండి రుబ్బే పనికి వెళ్ళేది. వెళ్తూ అత్తను నా షాపులో కూర్చోబెట్టి పోయేది. ముసలావిడకూ అదే కావాలి. అక్కడినుంచి జెట్టీ చప్పుళ్ళన్నీ వినిపిస్తాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీ వచ్చి హారన్ కొట్టగానే మెడ ఎత్తేది. "బావూ, హట్‌బే ఓడేదైనా వచ్చినాదేటో, దిగినోళ్ళని అడుగు." నేను రోడ్డు మీద పోయేవాణ్ణి కేకేసి అడిగేవాణ్ణి. వచ్చిందనేవారు, రాలేదనేవారు. వస్తే ఎవరెవరు దిగారో అడగమనేది. జనమంతా వెళ్ళిపోయి రోడ్డు ఖాళీ అయ్యాక మెడ మళ్ళీ దించేది.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. మౌనంగా పని చేస్తే నా చేతులు ఆడవు. ఆవిడతో అదీ ఇదీ వాగుతూ సైకిలు కడగడం మొదలుపెట్టాను. కొబ్బరి పీచుతో బురద తోమి, స్పోకుల మధ్య ఇసుకను పాత బ్రష్షుతో గీకి, నీళ్ళు పోసి, నాలుక పెట్టి, మళ్ళీ పోసి.

"ఏటి, నాకుతున్నావా?" అంది ఓసారి.

"చూస్తున్నావా మామ్మా?"

"ఇనిపిస్తున్నాదిలే. మా ఓడు ఆదివారం ఆదివారం తుడిసేటోడు గానీ నాకేటోడు కాదు. ఇల్లు తుడవమంటే తుడిసేటోడు కాదు, పెల్లాం సీపురు ఇస్తే పారిపోయేటోడు. సైకిలు తలకిందులుగా నిలబెట్టి పూజ సేసినట్టు సేసేటోడు."

"భార్య ఉన్న మగాళ్ళందరికీ ఆ పూజ ఉంటుంది మామ్మా. ఇంట్లోనే ఉన్నట్టుంటుంది, పిలిస్తే పలకక్కర్లేదు."

"నీ పెల్లాం ఎలా ఏగుతున్నాదో నీతోటి."

"తనకు చెవుడు ఉంటే బాగుండేదంటుంది."

ఇలా సాగేది. కొడుకు గురించి చెప్పేటప్పుడు ఆవిడ 'సేసేటోడు' అని, వెంటనే దిద్దుకుని 'సేస్తాడు' అనేది. దిద్దుకోవడం నేను వినలేదన్నట్టు బ్రష్షు గట్టిగా రుద్దేవాణ్ణి.

కడగడం అయ్యాక విప్పడం మొదలుపెట్టాను. ఎవరైనా ముందు చక్రంతోనే మొదలుపెడతారు, అది తేలిక. ఉప్పునీళ్ళలో మునిగి అన్నాళ్ళు బురదలో పడున్న హబ్బు విప్పితే ఏముంటుందో అప్పటికి నాకు కంఠతా వచ్చు. ఎర్రటి తుప్పు బురద, ఒకదానికొకటి అతుక్కుపోయిన గోళీలు, ఉలి పెట్టి కొడితే గానీ రాని కోను. ఉలి, సుత్తి దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకుంటూ ఆవిడకు ఒక హవల్దారు కథ చెబుతున్నాను. పోయిన సైకిలును వెతకడానికి హవల్దారు ఒక సైకిలు మీద వచ్చాడు, వచ్చి నన్ను గద్దిస్తున్నాడు, నేనేమో ఆయన ఎక్కొచ్చిన సైకిలు వైపే చూస్తున్నాను, అని ఇక్కడిదాకా వచ్చాను.

కోను చేత్తో తిరిగింది.

ఉలి అక్కర్లేకపోయింది. లోపల పసుప్పచ్చని గ్రీజు. నిండా, అంచుల దాకా, పొదుపు లేకుండా పెట్టిన కొత్త గ్రీజు. పైపొర కాస్త మురికిపట్టింది గానీ దాన్ని వేలితో తీస్తే లోపల గోళీలు కొన్నప్పటిలా మెరుస్తున్నాయి. అంత గట్టిగా కూరిన గ్రీజు నీళ్ళను లోపలికి రానివ్వలేదు. ఇది సునామీకి నెలముందు పెట్టి వాడిన గ్రీజు కాదు. తిరిగిన గ్రీజు నల్లబడుతుంది. ఇది తిరగనే లేదు. ఈ హబ్బుకు గ్రీజు పెట్టాక ఆ సైకిలు రోడ్డు మీద నడవలేదు.

నేను వెనక చక్రం వైపు చూశాను. కడిగేటప్పుడు చూసీ పట్టించుకోనిది ఒకటుంది. ఇరుసు చివర నట్టు, బిగించి ఉండాల్సిన చోట లేదు, మరచుట్ల చివరి దాకా వచ్చి అక్కడే తుప్పుతో అతుక్కుపోయి ఉంది. సముద్రం విరుస్తుంది, వంచుతుంది. స్పానరు పట్టుకుని నట్టు వదులు చెయ్యదు. చైను కూడా అలాగే. సముద్రం లాగి తెంపితే పళ్ళచక్రంలో ముక్కో చెక్కో ఇరుక్కుని ఉండాలి, చైను కవరు రేకు చిరిగి వేలాడాలి. కవరు పట్టే బోల్టుల రంధ్రాలు రెండూ చిరగకుండా శుభ్రంగా ఉన్నాయి. కవరు ఎవరో తీశారు. చైనూ తీశారు.

ముందు చక్రం అయిపోయింది. చైను తీసి నానబెట్టడం అయింది. వెనక చక్రం నట్టు వదులు చెయ్యడం అయింది. అక్కడితో ఆగిపోయింది.

చైను లేని సైకిలు మీద ఎవరూ ఏ తోటకూ వెళ్ళరు.

ఎంతసేపు అలా కోను చేతిలో పట్టుకుని కూర్చున్నానో తెలియదు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఏమీ చెప్పకుండా గ్రీజు తుడిచేసి, నట్టు కోసేసి, సైకిలు బిగించి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. పైడమ్మకు మాత్రం చెప్పాలా? చెబితే ఆమె ఈవిడకు చెబుతుంది. ఈవిడ నమ్ముతుందా? కోడలు మెకానిక్కు నేర్పించి చెప్పించిందంటుందేమో.

"బావూ" అంది ముసలావిడ. "హవల్దారు ఏటైనాడు?"

"ఏం లేదు మామ్మా. వెళ్ళిపోయాడు."

ఆవిడ రెండు చేతులూ చాపింది. "ఆ సక్రం ఇటియ్యి."

ఇవ్వనని ఎలా అంటాను? ముందు చక్రం తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. ఆవిడ రిమ్ము తడమలేదు, స్పోకులు తడమలేదు. వేళ్ళు తిన్నగా హబ్బు దగ్గరికి వెళ్ళాయి. కడిగాక కూడా నేను తియ్యకుండా వదిలేసిన గుడ్డ పేలికను పట్టుకున్నాయి. బొటనవేలితో దాని కుట్టంతా నిదానంగా పోల్చుకుంటూ వెళ్ళింది. పెద్ద పెద్ద వంకర కుట్లు, చూపు లేని చేతి కుట్లు. చివర రెండు కొసలూ కలిపే టిచ్ బటన్ ఒకటి. అది దొరకగానే వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది నేను కుట్టిందే" అంది. "నా పాత రవికెది గుండీ. శనివారం ఓడెక్కే ముందు రెండు కుట్టి ఇచ్చినాను. పాతవి పీలికలైపోనాయి అమ్మా అన్నాడు. ఆదివారం తుడిసినాక ఏసుకుంటానన్నాడు."

నేను చేతిలోని కోను బల్ల మీద పెట్టాను.

"ఎనక సక్రానికి ఉన్నాదేటి?"

వెనక హబ్బు మీదున్నది బురదపట్టిన పాత పేలిక, నూలు పోగులుగా ఊడిపోతోంది. "పాతదుంది మామ్మా."

"సైను తెగినాదా, ఆడు తీసినాడా?"

ఇన్నేళ్ళ పనిలో నన్ను ఎందరో ఎన్నో అడిగారు. అంత తిన్నగా ఎవరూ అడగలేదు. తెగిందని ఒక్క మాట అంటే ఆవిడ ఆ సాయంత్రం కూడా మెడ ఎత్తి ఫెర్రీ కోసం చూసేది. ఆ తర్వాత ఎప్పటికీ చూడలేకపోయేది.

"తీశాడు మామ్మా" అన్నాను. "వెనక నట్టు కూడా వదులు చేశాడు. చక్రం ఇంకా తియ్యలేదు."

"సైను కిరసనాయిల్లో ఏసి, నానినంతసేపు టీ తాగుతాడు" అంది. "గడప మీద కూకొని."

వాళ్ళ గడప ఎటు చూస్తుందో నేను అడగలేదు. ఒడ్డు మీది ఇళ్ళ గడపలన్నీ ఒకవైపే చూస్తాయి.

ఊరుకోలేకపోయాను. "భూమి ఊగింది కదా మామ్మా ముందు. ఊగగానే లేచి కొండవైపు పరిగెత్తి ఉండొచ్చు కదా."

"సైకిలు తలకిందులుగా ఉంటే ఆడు కదలడు బావూ. ఊగినాది, ఆగినాది. ఆగినాక మల్లా మొదలెట్టుంటాడు. అలాటోడు ఆడు."

ఫెర్రీ వచ్చింది. హారన్ కొట్టింది. జనం దిగి మా ముందునుంచే మాట్లాడుకుంటూ వెళ్ళారు. ఆవిడ మెడ ఎత్తలేదు, ఎవర్నీ అడగమనలేదు. చక్రాన్ని ఒళ్ళోనే పెట్టుకుని, పేలికను హబ్బు చుట్టూ ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చుంది. ఏడవలేదు. ఆవిడ ఏడ్చి ఉంటే నేను నీళ్ళు తెచ్చివ్వడమో, టీ చెప్పడమో ఏదో ఒకటి చేసేవాణ్ణి. అదీ లేదు. పోటు నీళ్ళు రోడ్డెక్కి, అరుగు కిందికొచ్చి, మళ్ళీ దిగిపోయాయి. అప్పుడు చక్రం నా వైపు తోసింది.

"మిగిలింది నువ్వు సెయ్యి. సగంలో ఒగ్గేస్తే ఆడికి నచ్చదు."

సాయంత్రం పైడమ్మ వచ్చింది, చేతులకింకా పిండి అంటుకునే ఉంది. అత్తను లేపడానికి చెయ్యి ఇచ్చింది. ముసలావిడ లేచి నిలబడి, "పైడీ, రేపు ఆస్పత్రికి ఎల్దాం" అంది.

పైడమ్మ నా వైపు చూసింది. "ఏం చెప్పావు భయ్యా?"

"నేను చెప్పలేదు దీదీ. వాళ్ళబ్బాయే చెప్పాడు" అని వెనక చక్రం నట్టు చూపించాను. చైను ఉండాల్సిన చోటు చూపించాను. ముందు హబ్బులో గ్రీజు చూపించాను. ఆమె వంగి, వేలితో ఆ గ్రీజు కొంచెం తీసి చూసుకుంది.

ఇన్నాళ్ళూ మొగుడు పోయాడని అందరితో వాదించిన మనిషి ఆమె. ఆఫీసులో చెప్పింది, డాక్టరుకు చెప్పింది, నాకు చెప్పింది, అత్తకు రోజూ చెప్పింది. ఆమెకు తెలుసు కదా అనుకున్నాను నేను. ఆ గ్రీజు చూశాక నా షాపు ముందు తడి రోడ్డు మీద కూలబడిపోయింది. ఆ అరుపు ఇప్పటికీ నాకు బాగా గుర్తు. అత్త తడుముకుంటూ వెళ్ళి పక్కన కూర్చుని కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. ముసలావిడ కొడుకు కోసం బయటికి ఎదురుచూసింది. ఈ పిల్ల లోపల ఎదురుచూసింది. ఆ తేడా నాకు అప్పటిదాకా తెలియలేదు.

వెనక చక్రం పని నా జీవితంలో చేసిన పనుల్లోకెల్లా మొండిది. నట్టు కోసి తీశాను. హబ్బులో తుప్పు గడ్డ కట్టింది. కిరసనాయిల్ పోసి నానబెట్టి, కొట్టి, మళ్ళీ నానబెట్టి, గోళీలన్నీ పారేసి, ఇరుసు మార్చాను. ఫోర్కు వేడి చేసి వంపు తీశాను. చైను, కవరు, సీటు నా దగ్గరున్న పాత సామానులోంచి వేశాను. పైడమ్మ వెయ్యొద్దన్నది తనే మర్చిపోయింది, నేనూ గుర్తు చెయ్యలేదు. రిమ్ములను ఎమెరీ కాగితంతో ఎంత రుద్దినా తళతళలాడలేదు. ఉప్పు తిన్నచోటల్లా మశూచి మచ్చల్లా గుంటలు. అందులో ఎవరూ మొహం చూసుకోలేరు. అయినా రెండు చక్రాలూ ఎత్తిపట్టుకుని తిప్పి వదిలితే, చప్పుడు లేకుండా తిరిగి, వాల్వు బరువుకు ఊగి ఆగాయి. ముందుది ఎలా ఊగిందో వెనకదీ అలాగే. ముందు హబ్బులో గ్రీజు నేను మార్చలేదు. మార్చాల్సిన అవసరం లేదు.

శరీరం లేదు కాబట్టి దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. ముసలావిడకు ఆపరేషన్ ఒక కంటికే పనికొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే దానికీ పనికొచ్చేది కాదని డాక్టరు అన్నాడట. వాళ్ళు హట్‌బే తిరిగి వెళ్ళలేదు. పైడమ్మకు ఒక హాస్టల్ వంటింట్లో పని దొరికింది. ఆ సైకిలు మీదే వెళ్తుండేది.

ఈ కేసు నాకు నేర్పింది పుస్తకాల్లో రాసేటంత పెద్దదేం కాదు. బండిని తుడిచే మనిషి దానిలో తన చేతిని వదిలేసి వెళ్తాడు. ఏ వరసలో విప్పుతాడో, ఎంత గ్రీజు పెడతాడో, ఏ నట్టు దగ్గర ఆగాడో అన్నీ ఉంటాయి. అందుకే ఆ తర్వాత ఎప్పుడైనా, పోయినవాళ్ళ సైకిలు తెస్తే, ఇంటివాళ్ళ ఎదుట విప్పడం మానేశాను. జెట్టీ దగ్గర టీ తాగి రమ్మని పంపి, ముందు నేనొక్కణ్ణే చూసుకుంటాను. చెప్పాల్సింది ఏమైనా ఉంటే, దాన్ని ఎలా చెప్పాలో ఆలోచించుకోవడానికి నాకు ఆ కాస్త వ్యవధి కావాలి.

కన్ను బాగయ్యాక అప్పలమ్మ మామ్మ ఒకరోజు నల్లద్దాలు పెట్టుకుని కోడలి సైకిలు వెనక క్యారియర్ మీద కూర్చుని వచ్చింది. దిగి, అద్దాలు పైకెత్తి, నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈ మొగమా? గొంతు ఇని ఇంకా బాగుంటావనుకున్నాన్రా" అంది. టీ తెప్పించాను. తాగుతుండగా, చాలా రోజులుగా నాలో ఉన్నది అడిగేశాను.

"మామ్మా, ఆ రోజు నేను పైకి ఒక్క మాటా అనలేదు కదా. నీకు కనబడదు కూడా. మరి ఆ చక్రమే ఎందుకు ఇమ్మన్నావు? నీకెలా తెలిసింది?"

ఆవిడ గ్లాసు దించి కింద పెట్టింది.

"వాగుతా వాగుతా ఉన్నోడివి ఒక్కపాలి ఆగిపోనావు. ఓడలో ఇంజను ఆగితే ముందు తెలిసేది కళ్ళు కనపడనోళ్ళకే, నాయినా."